చివరిసారి బాగున్నదెప్పుడు?

తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి ఎవరిదో చెయ్యి బరువుగా నా పొట్ట మీద పడి ఉంది. విసుగ్గా తోసేశాను. అది నా ఎడమచెయ్యే. ఆయన్ని పిలుద్దామంటే నోరు తిరగలేదు.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో అందరూ అడిగింది ఒకటే: "చివరిసారి బాగున్నది ఎప్పుడు?" రాత్రి పదకొండుకి పడుకున్నాను. ఆ తరవాతి సంగతి ఎవరికి తెలుసు? సీటీ తీశారు, రక్తస్రావం లేదన్నారు. డ్యూటీ డాక్టరు నా మంచం మీదుగా ఆయనతో, "సీటీలో ఏమీ లేదండీ. స్ట్రోకు, అదే పక్షవాతం, నిద్రలో వచ్చింది కదా, చివరిసారి బాగున్నప్పటి నుంచి లెక్కేస్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటల గడువు దాటిపోయింది. ఇక ఫిజియోథెరపీ చూసుకోండి" అన్నాడు. నాకు పోయింది మాటేగానీ చెవులు కాదు నాయనా! తొలి గంటల్లో స్ట్రోకు సీటీలో కనబడకపోవచ్చని అతనికి తెలియదా? తెలిసే ఉంటుంది. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

మా మరిది పట్టుబట్టి వేరే ఆసుపత్రికి మార్చాడు. అక్కడి న్యూరాలజిస్టు ఎమ్మారై తీయించి, మెదడులో ఒకే చోటివి రెండు రకాల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించారట. డిఫ్యూజన్ బొమ్మలో కుడివైపు తెల్లటి మచ్చ; ఫ్లెయిర్ బొమ్మలో అక్కడే ఏమీ లేదు. "మొదటిదాంట్లో నిమిషాల్లో తెల్లబడుతుంది, రెండోదాంట్లో గంటలు పడుతుంది. ఇది వచ్చి ఎక్కువసేపు అయ్యుండదు. గడ్డ కరిగించే మందు ఇవ్వచ్చు" అన్నారావిడ. ఇలా చూసి మందిస్తే మేలని 2018లోనే తేలిందట. మెదడులో రక్తం కారే ప్రమాదం ఉందనీ దాచలేదు. ఒప్పుకోలు కాగితం మీద ఆయన సంతకం ఆయనదిలా లేదు.

మందు ఎక్కించాక, అర్ధరాత్రి తలనొప్పి మొదలైంది. తలనొప్పి వస్తే వెంటనే చెప్పమన్నారు. మళ్లీ సీటీకి తోసుకెళ్తుంటే దేవుడి పేరు ఒక్కటీ గుర్తురాలేదు. పైకప్పు లైట్లు లెక్కపెట్టాను, పధ్నాలుగు. తిరిగొచ్చేటప్పుడూ లెక్కపెట్టాను. "రక్తమేం లేదమ్మా" అని నర్సు దుప్పటి సర్దింది. ఆ పిల్ల ముఖం సరిగా చూడనైనా లేదు. తెల్లారేలోగా చిటికెనవేలు కదిలింది.

దేవుడి దయ అంటుంది మా అత్తయ్య. కాదనను. కానీ నిద్రలో వచ్చిందని ఎవరైనా చేతులెత్తేస్తే, ఎమ్మారై ఉన్న చోటికి పరుగెత్తండి.

జాకెట్టు హుక్కులకి ఇంకా కుడిచెయ్యే ఎక్కువ పనిచేస్తోంది. రాత్రి ఎప్పుడు లేచినా గడియారం చూసి ఆయన్ని తడతాను. "మూడూ పది. బాగానే ఉన్నాను." ఆయన నిద్రలోనే ఊఁ అంటారు.