మొక్కజొన్న వయసు ఆకుల్లో చూడాలి

మా చీపురుపల్లి వైపు వరి కోతలయ్యాక వేసే మొక్కజొన్న గురించి ఎవరిని అడిగినా లెక్క రోజుల్లోనే చెప్తారు. ముప్పై రోజుల పైరా, అయితే యూరియా చల్లెయ్. ఎరువుల షాపులోనూ ఇదే మాట. నాకు ఈ లెక్క మీద అంత నమ్మకం లేదు, ఎందుకంటే మొక్కజొన్న వేడిని బట్టి పెరుగుతుంది, మా దగ్గర డిసెంబరు చలికీ జూన్ ఉక్కకీ పోలికే లేదు.

ఆ వేడిని కొలవడానికి చిన్న లెక్క ఉంది. పగటి గరిష్ఠం, రాత్రి కనిష్ఠం కలిపి సగం చేసి అందులోంచి 10 తీసేయాలి. 30 దాటిన ఎండని 30గానే తీసుకోవాలి. సంక్రాంతి రోజుల్లో పగలు 28, తెల్లవారుజామున 16 ఉందనుకోండి, ఆ రోజు మొక్క ఖాతాలో పడేది 12. జూన్‌లో 35, 26 ఉంటే 18. మొదటి పది ఆకుల వరకు ఒక్కో ఆకుకి సుమారు 45 కావాలి. అంటే ఖరీఫ్‌లో రెండున్నర రోజులకో ఆకు వస్తే, రబీ చలిలో దాదాపు నాలుగు రోజులు పడుతుంది. ఇక ముప్పై రోజుల పైరు అంటే ఏ పైరు?

అందుకే నేను ఆకులు లెక్కపెడతాను. చొక్కాకి కాలర్ ఉన్నట్టే ఆకు కాండాన్ని చుట్టుకున్న చోట లేత రంగు పట్టీ ఒకటి కనిపిస్తుంది, అది బయటపడిన ఆకునే లెక్కలోకి తీసుకోవాలి. మొక్క నడినెత్తిన సుడిలో, అంటే ఇంకా విప్పుకోని లేత ఆకుల చుట్టలో, నిలబడి ఊగుతున్నవాటిని వదిలేయాలి. అన్నిటికన్నా కింద కొన గుండ్రంగా ఉండే చిన్న ఆకు ఉంటుంది చూడండి, అదే ఒకటో నంబరు. తర్వాత కింది ఆకులు ఎండి రాలిపోయి లెక్క తప్పుతుంది కాబట్టి ఐదో ఆకు మీద, పదో ఆకు మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకుంటాను. "ఏటి బావా, ఆకులకి రంగులేస్తున్నావేటి" అని గట్టు మీద నుంచి నవ్వేవాళ్ళు నవ్వుతారు. మడిలో మూడు నాలుగు చోట్ల కొన్ని మొక్కలు చూసి, సగానికి పైగా ఏ దశలో ఉంటే మడంతా ఆ దశలో ఉన్నట్టే.

ఆరో ఆకు దగ్గర కాసేపు ఆగాలి. అప్పటిదాకా పెరిగే మొగ్గ నేల లోపలే ఉంటుంది, మేక కొరికినా చాలావరకు మళ్ళీ లేస్తుంది. కానీ పల్లపు మడిలో నీళ్ళు నిలిస్తే మాత్రం ఆ మొగ్గ ఊపిరాడక చస్తుంది. ఆరు దాటాక మొగ్గ నేల పైకొచ్చి కాండం గబగబా సాగుతుంది, నత్రజని ఆకలి మొదలయ్యేది ఇక్కడే. కండెకి ఎన్ని వరసలు ఉండాలన్నది కూడా ఈ చుట్టుపక్కలే తేలిపోతుంది. మోకాలెత్తు పైరుకి యూరియా వేయమని పెద్దవాళ్ళు చెప్పేది ఇంచుమించు ఈ దశకే, రోజుల లెక్క కన్నా ఆ మాటే నయం. కత్తెర పురుగు కోసం సుడి విప్పి చూడాల్సింది కూడా ఇప్పుడే. మన దేశంలో 2018లో మొదట కనబడింది, ఇప్పుడు ఏటా చుట్టమే. ఆకు మీద సన్నటి తెల్ల మచ్చలు, చిల్లులు కనబడగానే సాయంత్రం పూట మందు సుడిలో పడేలా కొట్టాలి. పూత వచ్చాక మనిషి ఎత్తు పైరులో ఏం కొడతాం!

పీచు దశకి మాత్రం రోజూ వెళ్తాను. ఒక్కో పీచుకి ఒక్కో గింజ. అడుగు వైపు గింజల పీచు ముందు వస్తుంది, కొసన ఉన్నవి ఆఖర్న, అందుకే నీరు చాలకపోతే కండె కొస బోడిగా మిగిలిపోతుంది. పంట మొత్తంలో ఒక్క తడే పెట్టే వీలుంటే నేను ఇక్కడే పెడతాను. పొట్టు జాగ్రత్తగా విప్పి కండెని మెల్లగా దులిపి చూడండి, పుప్పొడి అందిన గింజల పీచు రాలిపోతుంది, అందనిది అతుక్కునే ఉంటుంది.

ఈ ఆకుల లెక్క అమెరికాలోని అయోవా నుంచి వచ్చింది. ఇలాంటిదే సోయాచిక్కుడుకి దశల పట్టిక 1977లో అక్కడి నుంచే ఫెర్, కావినెస్ అనే ఇద్దరు వెలువరించారు. సీజన్‌లో వారం వారం మొక్కజొన్న ఎంత శాతం పీచు వేసింది, సోయా ఎంత శాతం కాయ పట్టింది అని అమెరికా వ్యవసాయ శాఖ రాష్ట్రాలవారీగా లెక్కలిస్తుంది. మన మండలానికి అలాంటిది ఉంటే బాగుండు అనిపిస్తుంది, అసూయే అనుకోండి. సోయా మా వైపు నేను చూడలేదు కానీ ఆ పట్టిక చదివాక మినుము చేలో టెన్షన్ కాస్త తగ్గింది. సోయా పూతలో సగానికి పైగా రాలిపోవడం మామూలేనట. అందుకే మినుములోనూ రాలిన పూత కన్నా పై కణుపుల్లో కాయ నిలిచిందా లేదా అనేదే చూస్తున్నాను.

ఇక గింజ ముదిరే వరస. నీటి బుడగ, పాలు, పిండి, తర్వాత తలమీద సొట్ట. కండెని మధ్యకి విరిస్తే గింజలో గట్టి భాగానికీ పాలకీ మధ్య గీత కనిపిస్తుంది, అది రోజురోజుకీ కిందికి దిగుతుంది. అడుగుకి చేరాక గింజ మొదలు గోటితో గీకితే నల్ల చార ఉంటుంది. అక్కడితో బరువు పెరగడం ఆగిపోయినట్టే, తర్వాత పెట్టే తడి దండగ. కానీ అప్పటికి గింజలో తేమ ఇంకా 30 శాతం పైనే, నిల్వకి 14కి రావాలి. అందుకే ఏప్రిల్‌లో రోడ్లన్నీ మొక్కజొన్న ఆరబోతలే, సాయంత్రం మబ్బేస్తే టార్పాలిన్ల కోసం పరుగులే. మిషన్ వచ్చిందంటే ఊరంతా ఒకేసారి కోయించేస్తారు, పచ్చిదీ పండిందీ తేడా ఉండదు. నేను ముందే నాలుగు చేలల్లో గింజ గీకి చూసి మా బావకి చెప్తే, మిషన్ వాడికి డేట్ ఇచ్చేది అతనే.