డల్లాస్ ఉత్తర శివార్లలో ఇల్లు కొనేముందు మేము బేరీజు వేసుకున్న సంగతులు

ఇర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్ వంటి చోట్ల అద్దె అపార్ట్‌మెంట్లలో ఉంటూ, ఊరు ఇర్వింగే అయినా పిల్లలను పక్క ఊరైన కాపెల్ స్కూల్ డిస్ట్రిక్టు (ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ) బడులకు పంపుకునే తెలుగు కుటుంబాలు డల్లాస్ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. పిల్లలు ఎలిమెంటరీ స్కూలు దాటే వేళకు ఆ ఇళ్ళన్నిటిలోనూ ఒకే చర్చ మొదలవుతుంది, ఇల్లు ఎక్కడ కొనాలి అని. మా ఇంట్లోనూ అదే జరిగింది. ఫ్రిస్కో, ప్రాస్పర్, అలెన్, ప్లేనో, సౌత్‌లేక్ అంటూ ఊళ్ళ పేర్లు రాసుకుని, శని ఆదివారాలు తిరిగి, మావారూ నేనూ చాలాసార్లు వాదించుకుని, చివరికి ఒక నిర్ణయానికి వచ్చాము. ఇప్పుడు అదే వెతుకులాటలో ఉన్నవారికి పనికివస్తుందని మా ఆలోచన సాగిన తీరును ఇక్కడ రాస్తున్నాను.

అందరూ పైకి చెప్పే కారణాలు రెండే, భద్రత, పిల్లల చదువు. నలుగురిలో గొప్పగా కనిపించాలన్న కోరిక మూడోది. దాన్ని ఎవరూ నోరు విప్పి ఒప్పుకోరు. తిరిగిన కొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఏమిటంటే, మొదటి రెండింటి కోసమే చెల్లిస్తున్నామని మనం నమ్ముతున్న ధరలో చెప్పుకోదగ్గ వాటా ఆ మూడోదానికే పోతోంది, పైగా పిల్లల పేరు చెప్పి మరీ పోతోంది.

మా రియల్టరు తెలుగువారే, వయసులో పెద్దవారు. మొదటి రోజే ఆయనను, ఈ వీధి మంచిదేనా, ఎలాంటివాళ్ళు ఉంటారు అని అడిగాను. "అమ్మా, ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పకూడదు, చట్టం ఒప్పుకోదు. మీరే సాయంత్రం పూట వచ్చి చూసుకోండి" అన్నారు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారం రోజులకు, 1968 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతిని బట్టి, మతాన్ని బట్టి, పుట్టిన దేశాన్ని బట్టి ఇల్లు అమ్మడంలోనూ అద్దెకు ఇవ్వడంలోనూ తేడా చూపరాదని నిషేధించింది. కొనేవారిని ఫలానా వారుండే వైపుకు మళ్ళించడం కూడా ఆ నిషేధం కిందికే వస్తుంది. అందువల్ల జాగ్రత్తగా పనిచేసే ఏజెంటు ఇక్కడ ఏ ప్రాంతాన్నీ మంచిదనీ చెడ్డదనీ అనరు. ఆయన నోట రాని ఆ మాటలన్నీ మనవాళ్ళ విందుల్లో ధారాళంగా వినిపిస్తాయి. ఇల్లు కొనేవారు ఎక్కువగా నమ్మేదీ ఆ మాటలనే.

బడుల విషయంలో మొదట తెలుసుకోవలసింది, ఊరి హద్దులూ స్కూల్ డిస్ట్రిక్టు హద్దులూ ఒకటి కావని. ఫ్రిస్కో నగరంలో ఇల్లు కొన్నంత మాత్రాన పిల్లలు ఫ్రిస్కో ఐఎస్‌డీకి (అంటే ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్టు బడులకు) వెళ్తారన్న హామీ లేదు. ఇంటి చిరునామాను బట్టి ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ డిస్ట్రిక్టుల్లో దేనికైనా చెందవచ్చు. డిస్ట్రిక్టు ఏదో తేలిన తర్వాత కూడా ఏ బడి అన్నది ఆ డిస్ట్రిక్టు గీసుకున్న పరిధిని బట్టి ఉంటుంది, ఆ గీత మారుతూ ఉంటుంది. పిల్లల సంఖ్య తగ్గుతోందని ప్లేనో ఐఎస్‌డీ 2024లో నాలుగు బడులను మూసివేయాలని నిర్ణయించింది. ఒకప్పుడు ఏటేటా కొత్త బడులు కట్టిన ఫ్రిస్కో కూడా 2025లో ఒక మిడిల్ స్కూలును మూసింది. ఈరోజు పటంలో కనిపించే బడిని చూసి ముప్పై ఏళ్ళ అప్పు తలకెత్తుకునేవారు ఈ సంగతిని గుర్తుపెట్టుకోవాలి.

ఇక రేటింగులు. ఇళ్ళ వెబ్‌సైట్లలో ప్రతి ఇంటి పక్కనా పదికి ఇన్ని అంటూ కనిపించే అంకెల్లో ఎక్కువ బరువు పరీక్ష మార్కులదే. ఆ మార్కులు తల్లిదండ్రుల ఆదాయాన్నీ చదువునూ నీడలా వెంటాడుతాయి. తొమ్మిది వచ్చిన బడిలో పాఠం బాగా చెబుతారనుకోవడం కంటే, అక్కడికి ట్యూషన్లు పెట్టించగల ఇళ్ళ పిల్లలు ఎక్కువగా వస్తారనుకోవడమే సత్యానికి దగ్గర. టెక్సాస్ విద్యాశాఖ బడులకు ఏ నుంచి ఎఫ్ వరకు ఇచ్చే గ్రేడ్లయినా కొలమానం అవుతాయనుకుంటే, కోర్టు వ్యాజ్యాల వల్ల 2023 నాటి గ్రేడ్లు 2025 ఏప్రిల్‌కు గానీ బయటికి రాలేదు. అందుకని నేను బడులకే వెళ్ళి అడిగాను, ఒక్కో తరగతిలో ఎందరు పిల్లలు, ఉపాధ్యాయులు ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, చదువులో వెనకబడిన పిల్లవాడికి ఏమి చేస్తారు అని. చివరి ప్రశ్నకు వచ్చిన జవాబులు ఏ అంకె కంటేనైనా నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. గొప్ప పేరున్న ఒక బడిలో, మా దగ్గర వెనకబడే పిల్లలు పెద్దగా ఉండరని సమాధానం వచ్చింది. నాకు ఆ సమాధానం నచ్చలేదు, ఎందుకంటే మా చిన్నవాడికి చదవడం ఆలస్యంగా పట్టుబడింది.

మనవాళ్ళు తగినంతగా చర్చించని మరో లెక్క ఉంది. 1997లో టెక్సాస్ శాసనసభ చేసిన చట్టం ప్రకారం, రాష్ట్రంలోని హైస్కూళ్ళలో తమ తరగతిలో తొలి పది శాతంలో నిలిచిన విద్యార్థులకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు నేరుగా ప్రవేశం ఇవ్వాలి. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కు తర్వాత సడలింపు ఇచ్చారు. ఇటీవలి వరకు అక్కడ తొలి ఆరు శాతానికి ఉన్న హామీ, 2026 ఫాల్ ప్రవేశాల నుంచి తొలి ఐదు శాతానికి కుదించుకుపోయింది. ఐదు వందల మంది ఉన్న తరగతిలో ఐదు శాతమంటే ఇరవై ఐదుగురు. ప్రతి ఇంటిలోనూ ఇద్దరు ఇంజినీర్లుండి, ఏడో తరగతి నుంచే ఆల్జీబ్రా ముందుగా చెప్పించే ప్రాంతంలో ఆ ఇరవై ఐదుగురిలో ఒకరుగా నిలవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. అదే పిల్ల, అదే తెలివితో, అంత పోటీ లేని బడిలో సునాయాసంగా ఆ హామీ పొందగలదు. (హామీ విశ్వవిద్యాలయంలో ప్రవేశానికే, కంప్యూటర్ సైన్సులో సీటుకు కాదు.) అంటే రాష్ట్ర చట్టం ఒక వైపు పోటీ తక్కువున్న బడులకు మొగ్గు చూపుతుంటే, మనం లక్ష, రెండు లక్షల డాలర్లు అదనంగా పోసి పిల్లలను దానికి సరిగ్గా ఎదురు దిశలో నిలబెడుతున్నాం.

ఒత్తిడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కౌమారంలో ఉన్న పిల్లల ఆరోగ్యానికి ముప్పు తెచ్చే పరిస్థితులను చెబుతూ, ఆరోగ్య రంగంలో పనిచేసే అమెరికా దాతృత్వ సంస్థ రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ 2018 నాటి నివేదిక పేదరికం, మానసిక ఆఘాతం, వివక్షలతోపాటు, రాణించి తీరాలన్న మితిమీరిన ఒత్తిడిని కూడా పేర్కొన్నది. మా పెద్దమ్మాయి స్నేహితురాలు ఒకరు, పదమూడేళ్ళ పిల్ల, మా ఇంట్లో భోజనం చేస్తూ తన క్లాసులో ఎవరికి ఎంత జీపీఏ వస్తుందో వరుసగా అప్పజెప్పింది. కంచంలో అన్నం చల్లారిపోతున్నా ఆ జాబితా పూర్తయ్యేదాకా ముద్ద నోట పెట్టలేదు. ఆ పిల్ల తల్లిదండ్రులు ఎంతో మంచివారు, ప్రేమగలవారు. ఆ లెక్క ఇంట్లో నేర్పింది కాదు, చుట్టూ ఉన్న గాలిలో నుంచి వచ్చింది.

భద్రతను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. రాత్రి పది గంటలకు ఆడపిల్ల లైబ్రరీ నుంచి నడిచి రాగలగడం నాకు చాలా ముఖ్యం. ఫ్రిస్కో, ప్లేనో, అలెన్, మూడూ ఆ విషయంలో మెరుగైన ఊళ్ళే. అయితే ఈ ఊళ్ళ మధ్య ఉన్న తేడా, వాటి ఇళ్ళ ధరల మధ్య ఉన్న తేడాకు ఏ మాత్రమూ పొంతన కుదిరేది కాదు. 2023 మే 6న అలెన్‌లోని ఔట్‌లెట్ మాల్‌లో ఒక దుండగుడు కాల్పులు జరిపి ఎనిమిదిమందిని చంపాడు. వారిలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక యువ ఇంజినీరు కూడా ఉన్నది. మనలో చాలామంది వారాంతంలో బూట్లకూ బట్టలకూ వెళ్ళే చోటు అది. ఇంటి ధర ఎంత పెరిగినా ఆ ప్రమాదానికి అడ్డుగోడ కాలేదు. 1990ల చివర్లో, సంపన్న శివారుగా దేశమంతటా పేరున్న ప్లేనోలో, హెరాయిన్ వల్ల యువకులు వరుసగా చనిపోయారు. డబ్బున్న ఇళ్ళ పిల్లల చేతిలో డబ్బు ఉండటం, తల్లిదండ్రులు ఇంట లేకపోవడం, మా ఊళ్ళో ఇలాంటివి జరగవన్న నమ్మకం, ఈ మూడూ కలిసినప్పుడు ఏమి జరుగుతుందో ఆ రోజుల్లో ఆ ఊరు చూసింది.

ఈ శివార్లలో పిల్లలకు రోజూ ఎదురయ్యే ముప్పు మాత్రం దొంగలకన్నా రోడ్లే. మేము చూసిన ప్రతి ఇంటికీ బడి వదిలే వేళకు మళ్ళీ వెళ్ళాము. ఒక కొత్త కాలనీలో ఇల్లు అన్ని విధాలా నచ్చింది, బడి అర మైలు దూరమే, కానీ మధ్యలో ఆరు లేన్ల రోడ్డు ఉన్నది. పచ్చరంగు చొక్కా తొడుక్కుని, చేతిలో స్టాప్ బోర్డు పట్టుకున్న ఒక పెద్దావిడ పిల్లలను దాటిస్తున్నది. గంటకు ఇరవై మైళ్ళకు మించకూడదని దీపాలు మెరుస్తున్నా, ఒక పెద్ద ట్రక్కు ఆమె బోర్డు ఎత్తాక కూడా ఆగకుండా దూసుకుపోయింది. ఆమె చేయి అడ్డుపెట్టి ఒక పిల్లవాడిని వెనక్కి లాగింది. ఆ ఇల్లు మేము కొనలేదు. ఏ నేరాల పట్టికలోనూ ఆ రోడ్డు కనిపించదు.

హోదా గురించి రాయడం కష్టమే అయినా, రాయకుండా వదిలేస్తే మిగిలినదంతా అసంపూర్ణం. ఒక విందులో ఫలానా ఎలిమెంటరీ స్కూలు పరిధిలోకి అపార్ట్‌మెంట్లు కలుపుతున్నారట, ఇక ఆ ఏరియా సేఫ్ కాదు అని ఒకాయన అంటే, చుట్టూ ఉన్నవారంతా తలలూపారు. ఆ గదిలో ఉన్న ప్రతి కుటుంబమూ కొన్నేళ్ళ క్రితం దాకా అపార్ట్‌మెంటులో ఉన్నదే. హెచ్1బీ మీద వచ్చి, రెండు గదుల ఇంట్లో అద్దెకుంటూ, ఆ అపార్ట్‌మెంటు పరిధిలోని బడిలోనే పిల్లలను చదివించినవారే. ఇప్పుడు వస్తున్న కుటుంబాలు కూడా మనలాంటివే, మరీ ఎక్కువ మంది మన జిల్లాలవారే.

ఇది ఒక్క విందుకు పరిమితమైన ధోరణి కాదు. డెంటన్ కౌంటీలోని ప్రావిడెన్స్ విలేజ్‌లో 2022లో హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం), ప్రభుత్వ అద్దె సహాయం పొందేవారికి ఇళ్ళు అద్దెకివ్వరాదని నిబంధన పెట్టింది. అలాంటి నిబంధనలు చెల్లవని మరుసటి ఏడాది రాష్ట్ర శాసనసభే చట్టం చేయవలసి వచ్చింది. మెకిన్నీలో 2015 జూన్‌లో ఒక కాలనీ ఈతకొలను దగ్గర గొడవ జరిగిందని వచ్చిన పోలీసు అధికారి, నల్లజాతి బాలికను నేలకు అదిమిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. సౌత్‌లేక్‌లో విద్యార్థులు జాతిదూషణ చేస్తున్న వీడియో 2018లో బయటపడిన తర్వాత, డిస్ట్రిక్టు తయారుచేయించిన సంస్కరణ ప్రణాళికను వ్యతిరేకించినవారే 2021 స్కూల్ బోర్డు ఎన్నికల్లో గెలిచారు. ప్లేనో కూడా మినహాయింపు కాదు. దట్టమైన నివాసాలకు చోటిచ్చిన 2015 నాటి నగర ప్రణాళికపై కొందరు నివాసులు ఏళ్ళ తరబడి పోరాడారు, చివరికి 2020లో నగర మండలి దానిని రద్దుచేసింది. 2022లో అదే ప్లేనోలో ఒక రెస్టారెంటు బయట, భారతీయ మహిళలను ఒకామె మీ దేశానికి పొండి అని తిట్టి, చేయి చేసుకున్నది. అపార్ట్‌మెంటువాళ్ళు వద్దనే వారితో మనం గొంతు కలిపినప్పుడు, ఆ వద్దనే జాబితాలో మన పేరు కూడా ఒకచోట ఉంటుందని తెలుసుకోవాలి.

డబ్బు లెక్క క్లుప్తంగా చెబుతాను. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, బదులుగా ఆస్తి పన్ను భారీగా ఉంటుంది. ఏడు లక్షల డాలర్ల ఇంటికి రెండు శాతం చొప్పున చూస్తే ఏటా పద్నాలుగు వేలు. నివాస గృహానికి స్కూలు పన్ను లెక్కకట్టేటప్పుడు ఇంటి విలువలోంచి తీసివేసే మినహాయింపు 2023లో లక్ష డాలర్లకూ, 2025లో లక్షా నలభై వేలకూ పెరగడం కొంత ఊరట. ప్రాస్పర్ చుట్టుపక్కల కొత్త కాలనీల్లో కొన్నిచోట్ల దానిపైన మడ్ ట్యాక్స్ (నీళ్ళు, మురుగు కాల్వల వంటి సదుపాయాల కోసం వేసే స్థానిక పన్ను), హెచ్‌ఓఏ రుసుము ఉంటాయి. ఇల్లు చూపించేటప్పుడు బిల్డరు వాటి ఊసెత్తరు. కాగితాలు అడిగి చూసుకోవాలి.

మావారికి మొదటి నుంచీ ఫ్రిస్కో మీదే మనసు. కార్యసిద్ధి హనుమాన్ గుడి దగ్గర, స్నేహితులందరూ అక్కడే, కొత్త ఇల్లు, తూర్పు ముఖం. ఆయన మాటలో న్యాయం ఉంది. గుడీ, స్నేహితులూ, అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు వారికి పలకరించే మనుషులూ ఉండటాన్ని నేను హోదా కింద లెక్కకట్టను. అయినా చివరికి ప్లేనో నడిబొడ్డున, 1980ల్లో కట్టిన ఒక ఇటుక ఇల్లు కొన్నాము. గ్యారేజీ వెనక సందులోకి ఉంటుంది, వంటగది చిన్నది, ఇక్కడి నల్లరేగడి వంటి మట్టి ఎండకు బీటలు వారుతుంది గనుక వేసవిలో పునాది చుట్టూ నీళ్ళు పెట్టాలి. బడికి పిల్లలు నడిచే దారిలో పెద్ద రోడ్డు లేదు. గుడికి కారులో ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది, ఆ దూరం మావారికి ఇంకా కష్టంగానే ఉన్నది. కొత్త ఇంటికీ దీనికీ మధ్య మిగిలిన డబ్బులో కొంత పిల్లల కాలేజీ ఖాతాలో వేశాము, కొంతతో నేను ఉద్యోగం గంటలు తగ్గించుకుని సాయంత్రాలు ఇంట్లో ఉంటున్నాను. పెద్దమ్మాయికి ప్లేనో ఈస్ట్ హైస్కూలులోని ఐబీ (అంతర్జాతీయ పాఠ్యప్రణాళిక) కోర్సు మీద ఆసక్తి ఉంది, చేరుతుందో లేదో తనే తేల్చుకుంటుంది.

మా బడి పరిధిలో మూడు అపార్ట్‌మెంటు సముదాయాలున్నాయి. చిన్నవాడికి చదవడం నేర్పిన రీడింగ్ టీచరు ఆ బడికి రావడానికి కారణం కూడా, అలాంటి సహాయం అవసరమైన పిల్లలు అక్కడ ఎక్కువగా ఉండటమే. వాళ్ళు లేకపోతే మావాడికీ ఆవిడ దొరికేది కాదు. దగ్గరలో మరికొన్ని అపార్ట్‌మెంట్లు కట్టే ప్రతిపాదన మీద మా వీధిలో కొందరు వ్యతిరేకంగా సంతకాలు సేకరిస్తున్నారు. మా తలుపు తట్టినప్పుడు మేము సంతకం చేయబోమని చెప్పాము. నగర మండలి విచారణ జరిగే రోజున, అనుకూలంగా మాట్లాడేవారి జాబితాలో నా పేరు ఇచ్చాను.