బుగ్గల మీద విభూది

మూడేళ్ల క్రితం మా పిన్ని కూతురి నిశ్చితార్థానికని మొదటిసారి బుగ్గలకి రాసే రంగు, అదే బ్లష్, కొన్నా, లేత గులాబీ రంగు, డబ్బాలో చూస్తే పీచుమిఠాయిలా ఎంత ముద్దుగా ఉందో. ట్యూబ్‌లైట్ కింద రాసుకుని బానే ఉందిలే అనుకుని వరండాలోకి వచ్చా. అమ్మమ్మ ఓసారి పైనుంచి కిందకి చూసి "ఏంటే, చెంపలకి విభూది పూసుకున్నావా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వేశా గానీ పమిట చెంగుతో తుడుద్దామంటే అది ఇంకా పాకింది, ఫొటోల్లో ఇప్పటికీ ఉంది ఆ బూడిద.

తర్వాత అర్థమైంది, తప్పు నా రంగుది కాదు, షేడ్‌ది. లేత షేడ్స్‌లో టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పిగ్మెంట్ బాగా కలుపుతారు, గోడల పెయింట్‌లో తెలుపుకి వాడేదీ అదే. బాగా తెల్లగా ఉన్నవాళ్ల మీద అది కలిసిపోతుంది, నాలాంటి చామనచాయ మీద మాత్రం గులాబీ లోపలికి పోయి తెలుపు పైకి తేలుతుంది.

మరి ఏది కొనాలి అంటే, నేను చీరల షాపు భాషలో చెప్తా. చామనచాయకి కనకాంబరం రంగు, ఇటుక రంగు. ఇంకొంచెం నలుపైతే రాణీ పింక్, నేరేడుపండు రంగు. డబ్బాలో చూస్తే అమ్మో ఇదేంటి అనిపిస్తుంది, పల్చగా వేసి చూడండి, అచ్చం ఎండలో నడిచొచ్చినట్టు ఉంటుంది. మణికట్టు నరాలు ఆకుపచ్చగా ఉన్నాయా నీలంగా ఉన్నాయా చూసి అండర్‌టోన్, అంటే చర్మం లోపలి ఛాయ, కనిపెట్టమంటారు కదా, నావి ఒక చేతికి ఒకలా ఇంకో చేతికి ఇంకోలా కనిపిస్తాయి, అందుకే అది వదిలేసి బుగ్గ గట్టిగా గిల్లుకుని వచ్చిన రంగు చూసుకుని దానికి దగ్గరది ఎంచుకున్నా. షాపులో చేతి వెనక రాసి చూడకండి, స్కూటీ నడిపీ నడిపీ ఆ చెయ్యి మొహానికన్నా రెండు షేడ్లు నల్లబడి ఉంటుంది. బుగ్గకే రాసుకుని గుమ్మం దాటి ఎండలోకి వచ్చి చూడండి, సేల్స్ అమ్మాయి ఏమన్నా అనుకోనీ.

రాయడంలో నేను చాన్నాళ్లు చేసిన తప్పు, నవ్వి ఉబ్బిన చోట గుండ్రంగా పెట్టడం. నవ్వు ఆపగానే ఆ రంగు మొత్తం జారి మూతి పక్కకి వచ్చేస్తుంది, అసలే నాది గుండ్రటి మొహం. ఇప్పుడు ముక్కుకి రెండు వేళ్ల దూరం వదిలేసి, కంటి చివర కింద నుంచి కణత వైపు పైకి లాగుతా. బ్రష్‌ని డబ్బా అంచుకి ఓసారి తట్టాకే మొహానికి.

పొడి చర్మానికి క్రీమ్ బ్లష్, జిడ్డు చర్మానికి పౌడర్. మే నెలలో విజయవాడ పెళ్లి అయితే నేను రెండూ వేస్తా, కింద పల్చగా క్రీమ్, పైన అదే రంగు పౌడర్. మొహానికి కాంపాక్ట్ పౌడర్ వేశాక మాత్రం క్రీమ్ జోలికి పోకండి, అట్టలు కడుతుంది. మొటిమల గుంటలు ఉంటే మెరుపులున్నది వద్దు, ప్రతి గుంటా లైటేసి చూపిస్తుంది.

ఒకవేళ ఎక్కువైపోతే తుడవకండి, నా పమిట చెంగు కథే అవుతుంది. ఫౌండేషన్ రాసిన స్పాంజి ఉంటుంది కదా, దాంతోనే పైపైన అద్దండి, తగ్గిపోతుంది.