ఫైనాన్స్ ప్రాజెక్టుకు నిజామాబాద్ పసుపు

వరంగల్ ఎంబీఏ ప్రాజెక్టుల్లో బ్యాంకు నిష్పత్తులు ఇక చాలు. నిజామాబాద్ పసుపు తీసుకోండి: ఎన్‌సీడీఈఎక్స్ (సరుకుల ఎక్స్ఛేంజీ) ఫ్యూచర్స్‌తో, అంటే ముందు నెలల ధరను ఇప్పుడే ఖాయం చేసే కాంట్రాక్టులతో, వ్యాపారికి ధర రిస్కు ఎంత తగ్గుతుంది? మన దగ్గర ఇంతకన్నా పనికొచ్చే ప్రశ్న అరుదు.

మార్కెట్ యార్డు ధరలు ప్రభుత్వ వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో ఉంటాయి. కొమ్ము, మండ రకాల ధరలు కలపొద్దు. యార్డు సెలవుకు పాత ధర నింపితే సున్నా రాబడులు పోగై హెడ్జ్ నిష్పత్తి (సరుకుకు ఎంత ఫ్యూచర్స్ అమ్మాలో చెప్పే లెక్క) చెడుతుంది; యార్డు, ఎక్స్ఛేంజీ రెండు చోట్లా వ్యాపారం జరిగిన రోజులే ఉంచండి. అసలు చిక్కు గడువు దగ్గరపడ్డ కాంట్రాక్టు నుంచి తర్వాతి నెల కాంట్రాక్టుకు మారే రోజుది. పాత నెల, కొత్త నెల ధరల తేడా లాభం కాదు, నష్టం కాదు. ఆ రోజు రాబడిని కొత్త కాంట్రాక్టు నిన్నటి, నేటి ధరలతోనే కట్టండి.

యార్డు ధరలను ఫ్యూచర్స్ ధరలపై నేరుగా రిగ్రెషన్ వేస్తే ఆర్-స్క్వేర్ (ఎంత బాగా సరిపోయిందో చెప్పే కొలత) 0.9 వచ్చినా నమ్మలేం; స్థిరంగా లేని ధరల మధ్య లేని సంబంధం కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. ముందు ధరల వరుస స్థిరంగా ఉందో చూసే ఏడీఎఫ్ పరీక్ష, తర్వాత లాగ్ రాబడులు (నేటి, నిన్నటి ధరల లాగరిథమ్‌ల తేడా). చివరి పావు వంతు డేటా పక్కన పెట్టి, హెడ్జ్ వల్ల వేరియన్స్ (రాబడుల ఊగిసలాట) ఎంత తగ్గిందో అక్కడే కొలవండి.