అండమాన్ నీళ్లలో రెండు సముద్రాల చేపలు

విశాఖ రేవు నుంచి అండమాన్‌కి ఓడలో వెళ్తే రెండు రోజులు దాటినా నీళ్లే. విమానంలో కొన్ని గంటల పనికి ఇంత అవస్థ ఎందుకని ఇంట్లో అందరూ అన్నారు. నాకు మాత్రం ఆ నీళ్లే చూడాలని ఉంది. నేలమీద ఒక జంతువు రెండు జాతులుగా విడిపోయిందంటే మధ్యలో ఏ కొండో, ఎడారో ఉందని సరిపెట్టుకోవచ్చు. సముద్రంలో అడ్డు ఏముంది? పగడపు దిబ్బల చేపల పిల్లలు ప్రవాహంలో పడి ఎక్కడెక్కడికో పోతాయి. సీతాకోకచిలుక చేపల పిల్లలైతే నెలకు పైగా నడిసముద్రంలోనే తిరుగుతాయి. ఆ లెక్కన అన్నీ కలిసిపోయి కొన్ని రకాలే మిగలాలి. మరి ఇన్ని వేల రకాలు ఎలా వచ్చాయి?

పోర్ట్‌బ్లెయిర్‌ని ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు. అక్కడ ఓడ దిగి, ఫెర్రీలో స్వరాజ్ ద్వీప్ చేరి, మర్నాడు పొద్దున్నే ఎలిఫెంట్ బీచ్‌కి బోటు ఎక్కాను. బోటు నడిపే అతను నా ఫోన్ మాటలు విని తెలుగులో పలకరించాడు. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి వచ్చాడట. "ఏం చూడాలమ్మా, చేపలేనా?" అన్నాడు. అవునన్నాను, ముఖ్యంగా జంటగా తిరిగే పసుపు చేప.

మాస్క్ పెట్టుకుని తల నీళ్లలో పెట్టిన కాసేపటికే కనిపించింది. అరచేయంత గుండ్రటి ఒళ్లు, పసుపు మీద ఊదారంగు సన్నగీతలు, కంటి మీదుగా నల్లపట్టీ, తోక మొదట్లో నారింజ రంగు. పక్కనే దాని జంట. ఇదీ సీతాకోకచిలుక చేపే, శాస్త్రవేత్తలు దీన్ని కీటోడాన్ ట్రైఫాసియాటస్ అంటారు. ఆఫ్రికా తీరం నుంచి ఇక్కడిదాకా, హిందూ మహాసముద్రమంతా ఇదే. పసిఫిక్ వైపు వెళ్తే దాదాపు ఇదే చేప, కానీ తోక మొదట్లో నారింజకు బదులు నీలం కలిసిన బూడిద రంగు. దాని పేరు లునులేటస్. చాలాకాలం రెండింటినీ ఒకే జాతిగా లెక్కగట్టారు.

ఈ ఒక్క చేపే అయితే పట్టించుకోనక్కర్లేదు. కాస్త లోతుకి వెళ్తే నీలం ఒళ్లు, నల్ల ముఖం, గడ్డం కింద తెలుపు, వీపు మీద పసుపు రెక్క ఉన్న సర్జన్ ఫిష్ కనిపించింది. ఇదీ హిందూ మహాసముద్రపు చేపే. పసిఫిక్‌లో దీని దగ్గరి చుట్టం నల్లటి ఒళ్లుతో, కంటి కింద తెల్లమచ్చతో ఉంటుంది. ఎర్ర క్లౌన్ ఫిష్‌దీ అదే కథ. ఇక్కడ పెద్దదానికి ఒంటి మీద నల్లమచ్చే తప్ప తెల్లపట్టీ ఉండదు, దక్షిణ చైనా సముద్రంలో దాని బంధువుకి తల వెనక తెల్లపట్టీ ఉంటుంది. ఇన్ని జతలు ఒకే దారిలో విడిపోయాయంటే చేపల్లో కాదు, సముద్రంలోనే ఏదో జరిగి ఉండాలి.

జరిగింది మంచుయుగం. సుమారు 20,000 ఏళ్ల కిందట చాలా నీరు నేలమీద మంచుగా గడ్డకట్టి సముద్రమట్టం 120 మీటర్ల దాకా దిగింది. సుమత్రా, జావా, బోర్నియోల మధ్య సముద్రం లోతు తక్కువ. అదంతా ఎండి ఆసియా నేలతో కలిసిపోయింది. గత 26 లక్షల ఏళ్లలో సముద్రం ఇలా మళ్లీ మళ్లీ దిగి, మళ్లీ నిండింది. రెండు మహాసముద్రాల మధ్య దారి పూర్తిగా మూసుకుపోలేదు గానీ చాలా ఇరుకైంది. అటు చేపలు అటు, ఇటు చేపలు ఇటు మారుతూ పోయాయి. నేను వెతుకుతున్న అడ్డు ఇప్పుడు నీళ్ల అడుగున ఉంది.

అంతా గోడలతోనే తేలదని మాత్రం అక్కడే చూశాను. ఎనిమోన్ అంటే దిబ్బకి అంటుకుని పువ్వులా విచ్చుకునే సముద్రజీవి. తెల్లపట్టీల నారింజ క్లౌన్ ఫిష్‌లు ఒక ఎనిమోన్‌లో, ఎర్రవి ఇంకో రకం ఎనిమోన్‌లో, ఒకే దిబ్బ మీద కాపురం ఉన్నాయి. క్లౌన్ ఫిష్‌లు దాదాపు ముప్పై రకాలుగా పెరగడానికి ఎనిమోన్‌తో ఈ పొత్తే పెద్ద కారణమని పరిశోధకులు చెబుతారు. పిల్లలు పది రోజులే ప్రవాహంలో తేలి, వాసన పట్టుకుని తమకు తగిన ఎనిమోన్‌ని వెతుక్కుంటాయి. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఇల్లు ఎంచుకోవడంతోనే కొత్త దారి మొదలవుతుంది.

2010 ఎండాకాలంలో నీళ్లు వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయి, అలా తెల్లబడిన పగడం చచ్చిపోవచ్చు. నేను చూసిన పసుపు జంట తినేది బతికున్న పగడాన్నే, మరొకటి ముట్టదు. లక్షల ఏళ్లలో రూపు తీసుకున్న జాతి తిండి ఒక్క సీజన్ వేడికి పోవచ్చన్న ఆలోచనకే నాకు కడుపులో దేవినట్టయింది.

తిరిగి వస్తూ బోటతనికి ట్రైఫాసియాటస్, లునులేటస్ రెండిటి ఫొటోలూ ఫోన్‌లో చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "రెండూ ఒకటే కదమ్మా, కాస్త రంగు తేడా, అంతే" అన్నాడు. జావాకి దక్షిణంగా ఉన్న క్రిస్మస్ దీవి గురించి చెప్పాను. అక్కడ రెండు సముద్రాల చేపలూ కలుస్తాయి. తన జాతి తోడు దొరకని చేప రెండోదానితో జత కడుతుంది, రెండిటి పోలికలున్న పిల్లలు పుడతాయి. "మరి ఆ పిల్లలు ఏ జాతి?" అన్నాడు. మిశ్రమం అన్నాను. ఆ మాట అతనికి సరిపోలేదు, నాకూ సరిపోలేదు. జెట్టీ చేరేదాకా దాని గురించే మాట్లాడుకున్నాం.