పదహారు రోజుల మిషన్ ట్రిప్, అందులో ఐదో రోజు రాత్రి

సువార్త చెప్పడానికి టీమ్‌తో వేరే దేశం వెళ్ళి తిరిగొచ్చి నాలుగు రోజులైంది, ఇంకా బ్యాగ్ కూడా విప్పలేదు, అయినా ఇది ఇప్పుడే రాసేస్తున్నా. ఇంకో నెల ఆగితే నేనూ "దేవుడు గొప్ప కార్యాలు చేశాడండీ" అని ఒక్క ముక్కలో తేల్చేసేలా ఉన్నాను. ఏ దేశమో మాత్రం రాయను, అక్కడి సంఘానికి ఇబ్బంది.

ముందు పనులన్నీ పెద్ద గొడవ లేకుండానే అయిపోయాయి. పాస్‌పోర్ట్, ఇన్సూరెన్స్, సపోర్ట్ లెటర్లు (ఖర్చుకి సాయం అడిగే ఉత్తరాలు) అన్నీ సరే. ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ అడిగే దేశమైతే కనీసం పది రోజుల ముందే వేయించుకోండి, సర్టిఫికెట్ చెల్లేది వేయించుకున్న పది రోజుల తర్వాతే. 2016 నుంచి అది జీవితాంతం పనికొస్తోంది కాబట్టి పాతది ఉంటే పారేయకండి. టూరిస్ట్ వీసా మీద వెళ్ళి వాక్యం చెప్పొచ్చా లేదా అన్నది ఎంబసీనే అడగండి, "ప్రార్థనలో పెట్టండి, అన్నీ అవే అవుతాయి" అనేవాళ్ళని కాదు.

రెండో రోజు నా సాక్ష్యం, అంటే దేవుడు నా జీవితంలో ఏం చేశాడో జనం ముందు చెప్పడం. ఇరవై నిమిషాలకి ప్రిపేర్ అయి వెళ్ళాను, తర్జుమా చేసే అమ్మాయికి ముందు చూపించాలన్న బుద్ధి నాకు లేదు. నేను ఊపిరి తీసుకోకుండా దంచేస్తుంటే ఆ పిల్ల రెండు మాటల్లో ముగించేస్తోంది. ఒక చోట "నా గుండె బద్దలైపోయింది" అన్నాను. జనమంతా అయ్యో అన్నట్టు చూశారు. నా మాట తగిలింది అనుకుని ఇంకా గట్టిగా చెప్పాను. తీరా చూస్తే వాళ్ళకి నాకేదో గుండె జబ్బని అర్థమైందట. మీటింగ్ అయ్యాక ఓ అవ్వ వచ్చి నా ఛాతీ మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేసింది. మా టీమ్‌లో పడీపడీ నవ్వారు. మర్నాటి నుంచి నన్ను స్టేజీ దించి వంటింట్లో గిన్నెల దగ్గర వేశారు.

సరే, అక్కడిదాకా ఓర్చుకున్నా. అసలు సంగతి ఐదో రోజు రాత్రిది. రోజూ పడుకునే ముందు అందరం గుండ్రంగా కూర్చుని ఆ రోజు స్తుతి అంశం, అంటే దేవుడికి థాంక్స్ చెప్పే సంగతి ఒకటి, చెప్పాలి, లీడర్ అన్నయ్య నోట్‌బుక్‌లో రాసుకుంటాడు, ఎంతమంది చేతులెత్తారు, ఎంతమంది యేసుని నమ్ముతామని నిర్ణయం తీసుకున్నారు అని లెక్క. నా వంతు వచ్చింది. నాకు నిద్ర లేదు, నడుం పట్టేసింది, చెప్పడానికి ఏమీ లేదు, లేదనే చెప్పాను. ఆయన పెన్ను మూసి, "కళ్ళు మూసుకుందాం, మన మధ్య విశ్వాసంలో చల్లారిపోయిన ఒకరి కోసం ప్రార్థన చేద్దాం" అన్నాడు. పేరు చెప్పలేదు, ఎంత మర్యాదో చూడండి! పదకొండు మందిమి, పది చేతులు వచ్చి నా తల మీదా భుజాల మీదా పడ్డాయి. ఎవరిదో వాచీ నా జుట్టులో చిక్కుకుంది. నేను కదిలితే దాన్ని కూడా ఆత్మ పని అంటారేమోనని రాయిలా కూర్చున్నా. ఆమెన్ అన్నాక ఆ వాచీ విడదీయడానికి ఇంకో ఐదు నిమిషాలు పట్టింది, ఆ ఐదు నిమిషాలూ ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

పెద్ద పెద్ద మిషనరీలకే ఏళ్ళు పట్టింది. విలియం కేరీ 1793లో భారతదేశం వస్తే ఇక్కడివాళ్ళలో మొదటి బాప్తిస్మం 1800 డిసెంబర్‌లో. అడోనిరామ్ జడ్సన్ బర్మాలో 1813లో దిగితే మొదటి విశ్వాసి 1819లో. నేను ఐదో రోజుకే చల్లారిపోయానట!

పొద్దున వంటింట్లోకి వెళ్తే ఆ అవ్వే ఉంది. నన్ను చూసి తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కనుబొమలెగరేసింది, ఎలా ఉంది అన్నట్టు. రోజూ అడుగుతూనే ఉంది, నేనే తల ఊపేసి తప్పించుకునేదాన్ని. ఆ రోజు తల అడ్డంగా ఊపాను. అంతే, చేతిలో గిన్నె పక్కన పెట్టి, తడి చేత్తోనే నా ఛాతీ మీద చెయ్యి వేసి మొదలుపెట్టింది. ఒక్క ముక్క అర్థం కాలేదు, నా పేరొక్కటే తెలిసింది, అదీ తప్పుగా పలుకుతోంది. నాకు ఏడుపు ఆగలేదు. తర్జుమా అమ్మాయి గుమ్మంలో నిలబడి "అక్కా, అది జబ్బు కాదని అవ్వకి చెప్పేయనా?" అంది. వద్దన్నాను.

మన బైబిల్లో బర్నబా పేరుకి అర్థం హెచ్చరిక పుత్రుడు అని ఉంటుంది కదా, చిన్నప్పుడు నేను ఎవరినో తిట్టి దారిలో పెట్టే మనిషి అనుకునేదాన్ని, మా లీడర్ ఇప్పటికీ అలాగే అనుకుంటున్నట్టున్నాడు. అక్కడ హెచ్చరిక అంటే ధైర్యం చెప్పడం. పంఫూలియ అనే చోట సేవని మధ్యలో వదిలేసి వెళ్ళిపోయిన మార్కుని తర్వాతి ప్రయాణానికి అపొస్తలుడు పౌలు వద్దంటే, వెంట తీసుకుపోయింది ఆ బర్నబానే. తర్వాత ఆ పౌలే మార్కుని వెంటబెట్టుకుని రమ్మని తన శిష్యుడు తిమోతికి రాశాడు. లీడర్లు ఎవరైనా చదువుతుంటే ఆ భాగం ఒకసారి తీయండి.

మిగతా రోజులు గిన్నెలు తోముతూ, అవ్వ దగ్గర మాటలు నేర్చుకుంటూ గడిచిపోయాయి. వెళ్ళేవాళ్ళు ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి, మాటలు రాసుకోవడానికి. స్తుతి అంశాల కోసం కాదు. నిద్ర మాత్రం మానకండి, బైబిల్లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానంటే దూత ముందు తిండి పెట్టి పడుకోనిచ్చాడు, మీటింగ్ పెట్టలేదు.

నిన్న టీమ్ రిపోర్ట్ వచ్చింది. నేను గిన్నెలు తోముతున్న ఫోటో వేసి కింద "సేవకురాలి హృదయం" అని రాశారు, మండిపోయింది. రాత్రి ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది, అక్కా, నీ గుండె ఎలా ఉందని అవ్వ అడుగుతోంది అని. పర్లేదు, ఇంకా ప్రార్థన చేస్తూనే ఉండమను అని పెట్టాను.