రంగు చీటీ పట్టుకుని కోట్‌పాడ్ దాకా

మా షాపుకొచ్చే అమ్మాయిలు కొలతలివ్వడానికి ముందే ఫోన్ నా చేతిలో పెడతారు. అందులో ముంబైలోనో మిలాన్‌లోనో ర్యాంప్ మీద ఒకమ్మాయి నవ్వకుండా నడిచొస్తూ ఉంటుంది. "అక్కా, సేమ్ ఇదే కావాలి. కాకపోతే చేతులు మోచేతిదాకా పెట్టండి, వెనకాల మరీ అంత కిందికొద్దు, మా నానమ్మ ఉంటుంది" అంటారు. విశాఖ ద్వారకానగర్‌లో పద్దెనిమిదేళ్లుగా కుట్టిస్తున్నాను. ర్యాంప్ మీది బట్ట ఒక్క నిమిషం నడిస్తే చాలు. నేను కుట్టింది పీటల మీద మూడు గంటలు కూర్చోవాలి, తలంబ్రాలకి చెయ్యెత్తాలి, వరసపెట్టి అందరి కాళ్లకీ వంగాలి. చంకలో అరంగుళం వదులు తగ్గితే ఫొటోలో ఎంత అందంగా ఉన్నా ఆ పిల్ల నన్ను జన్మంతా తిట్టుకుంటుంది.

నవంబరులో ఒక పెళ్లికూతురు వచ్చింది. ముహూర్తం సంక్రాంతి వెళ్లాక. రిసెప్షన్ చీర మోకా మూస్ రంగులో కావాలంది. పాంటోన్ అనే అమెరికా రంగుల కంపెనీ 2000 నుంచి ఏటా ఒక రంగుని "ఈ ఏటి రంగు" అని ప్రకటిస్తోంది. 2023కి వివా మెజెంటా, 2024కి పీచ్ ఫజ్, 2025కి ఈ మోకా మూస్, ఒక రకం బ్రౌన్. వాళ్లలా అన్నాక ర్యాంపులూ, హోర్డింగులూ, ఆఖరికి మా ఎదుటి మ్యాచింగ్ సెంటర్‌లో లైనింగ్ గుడ్డలూ ఆ రంగుకి తిరుగుతాయి. ఈ పిల్ల ఇంకో మెలిక కూడా పెట్టింది. "కెమికల్ రంగొద్దక్కా, చెట్టు రంగు కావాలి. కోట్‌పాడ్ అంటారట కదా, అందులో ఈ షేడ్ వస్తుందట."

కోట్‌పాడ్ అంటే ఒడిశాలో ఒక ఊరు, అక్కడ చెట్టు రంగుతో నేసే బట్టకీ అదే పేరు. ఆ పేరు వినగానే నాకు పాత గాయం గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక పెద్ద బొటిక్‌లో కోట్‌పాడ్ దుపట్టా అని చెబితే ఆరువేల ఎనిమిది వందలు పెట్టి కొన్నాను. ఏసీ, చందనం వాసన, రాగి గ్లాసులో మజ్జిగ, అన్నీ అమిరాయి. ఇంటికొచ్చి నీళ్లలో వేస్తే బకెట్ ఎర్రబడింది. పక్కనున్న తెల్ల చుడీ గులాబీ రంగుకి వచ్చింది. ఫోన్ చేస్తే "నేచురల్ డై కదా మేడమ్, కొంచెం వదులుతుంది" అన్నారు. అప్పుడు నమ్మాను కూడా.

ఒడిశాలోని జయపురంలో మా పిన్ని ఉంది. కోట్‌పాడ్ అక్కడికి గంటన్నర దూరం కూడా లేదు. డిసెంబరు మొదటి వారంలో పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కాను. అరకు దాకా టూరిస్టులు సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెట్టి, అక్కడ దిగిపోయారు. తర్వాత బండి ఖాళీ అయింది, చలి పెరిగింది. కోరాపుట్‌లో ఒకావిడ అల్లం బస్తాతో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. ఆవిడ చీర కట్టు చూస్తూ జయపురం వచ్చేదాకా ఇంకో పని పెట్టుకోలేదు. చీర మోకాళ్ల కిందికి కొంచెం దిగింది, అంతే. పైట కొస వెనకనుంచి తెచ్చి భుజం మీద ముడేసింది. పిన్నీసు లేదు, కుచ్చిళ్లు లేవు. బస్తా ఎత్తింది, దించింది, పిల్లవాణ్ణి చంకనేసుకుంది. ముడి కదల్లేదు. మేం ప్రీ డ్రేప్డ్ అని పేరు పెట్టి, లోపల జిప్పూ హుక్కులూ కుట్టి, నాలుగు వేలు కుట్టుకూలి తీసుకునే చీరలకి భుజం దగ్గర ఇప్పటికీ జారుడే.

జయపురంలో తెలుగు వినడానికి వెతుక్కోనక్కర్లేదు. మెయిన్ రోడ్డు మీద సగం బట్టల కొట్ల గల్లాపెట్టెల దగ్గర మన మాటే. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా ఇదంతా విశాఖ జిల్లాలోనే ఉండేది. ఆంధ్రా యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలిచ్చిన విక్రమదేవ వర్మ ఈ ఊరి మహారాజే. నేను యూనివర్సిటీ గేటు ముందునుంచి రోజూ స్కూటీ మీద పోతాను కానీ ఈ ఊరి అన్నం తిని కట్టిన గోడలని ఎప్పుడూ తోచలేదు.

బాబాయి కొట్లో కూర్చుని ఫోన్‌లో రంగు చూపించాను. పిన్ని కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఏటే, దీనికోసం ఇంత దూరమొచ్చీసావా? ఇది మన వక్కపొడి రంగే కదే."

"వక్కపొడి కాదు పిన్నీ, మోకా మూస్."

"అదేటో గాని, మా అత్తగారు కట్టీది. ముసలి రంగని నేనొద్దన్నాను."

బాబాయి నవ్వి, "మీ బొటిక్‌లో మగ్గం వర్కంటారు గదా, మగ్గమేదమ్మా అందులో?" అన్నాడు. జవాబు లేదు. చెక్క ఫ్రేముకి జాకెట్టు గుడ్డ బిగించి కొక్కెం సూదితో పూసలు కుట్టడాన్ని తెలుగునాట బొటిక్‌లన్నీ మగ్గం వర్క్ అంటాయి. ఆ పేరుతో నా షాపు అద్దె గడుస్తోంది.

మర్నాడు బాబాయే స్కూటర్ మీద తీసుకెళ్లాడు. దారిలో బొరిగుమ్మ దగ్గర టీ తాగాం. రోడ్డు పక్క వరి కోసిన మళ్లు, వాటి మీద కుప్పలు. ఇంకొంచెం ముందుకి పోతే ఛత్తీస్‌గఢే.

కోట్‌పాడ్‌లో నేసేది మిర్గాన్ కులం వాళ్లు. చుట్టుపక్కల ఆదివాసీలకి చీరలు, తువ్వాళ్లు, తలపాగాలు తరతరాలుగా వాళ్లే నేసిపెట్టారు. ఫలానా ఊరి సరుకని ప్రభుత్వం ఇచ్చే జీఐ గుర్తింపు ఒడిశాలో మొట్టమొదట వచ్చింది ఈ బట్టకే, 2005లో. ఇక్కడి గోబర్ధన్ పానికా గారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. మేం వెళ్లింది వేరే ఇంటికి, బాబాయి దగ్గర నూలు కొనే వాళ్లింటికి. అద్దకం ఆ ఇంటావిడ పని, నేత ఆయన పని. ఆవిడ అక్కడి యాస ఒడియా, దేశియా, మాట్లాడుతుంది, బాబాయి నాకు తెలుగులో చెబుతాడు.

వాకిట్లోకి అడుగుపెట్టగానే ముక్కుకి తగిలింది ఆముదం. దాని కింద పేడ వాసన, ఇంకా కింద తడి బూడిద. చందనపు అగరొత్తి ఏదీ లేదు. వరండాలో తాడు మీద నూలు చిలపలు ఆరుతున్నాయి, కొన్ని తెల్లగా, కొన్ని పాతబడిన గేదె నెయ్యి రంగులో. ఇంకా రంగు పడని నూలది. పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఆముదమూ కట్టెల బూడిద నీళ్లూ కలిపి పట్టించి, కాళ్లతో తొక్కి, ఎండబెట్టి, మళ్లీ పట్టించి, ఇలా ఇరవై రోజులకి తక్కువ కాకుండా చేస్తేగాని నూలు రంగుని పట్టుకోదట. నేను ఒక చిలపని చేతిలోకి తీసుకున్నాను. జిడ్డు వేళ్లకి అంటుకుని సాయంత్రం దాకా పోలేదు.

రంగుకి వాడేది ఆల్ చెట్టు వేరు మీది బెరడు. మన వైపు దాన్నే తొగరు అంటారు, తెలుగులో తొగరంటే ఎరుపని కూడా అర్థం. బెరడుని దంచిన పొడి ఒక చేటలో ఉంది. చూడ్డానికి పసుపుపచ్చగా, మెంతిపిండిలా ఉంది. ఇది నీళ్లలో పడి, ఆ బూడిద తాగిన నూలుని తాకితేనే ఎరుపు తేలుతుంది. ముదురు వేరైతే ముదురు రంగు, లేత వేరైతే ఇటుక రంగు. నలుపు కావాలంటే అన్నభేది, అంటే ఇనుముతో చేసిన ఒక లవణం, కలుపుతారు. ఎరుపుకీ నలుపుకీ మధ్యలో ఉన్న బ్రౌన్లన్నీ ఆ రెంటి పాళ్లలోంచి పుట్టినవే.

నేను షేడ్ కార్డు తీశాను. పెళ్లికూతురు పెన్నుతో గుండ్రం చుట్టి ఇచ్చిన ముక్క. ఆవిడ దాన్ని చూసి, లోపలికెళ్లి నాలుగు చిలపలు తెచ్చి నేల మీద పరిచింది. ఒకటి కాఫీపొడి, ఒకటి చింతపండు, ఒకటి మెరూన్‌కి దగ్గర, ఒకటి ఆ కార్డులో ఉన్నదానికి అటూ ఇటూ. బాబాయి అడిగి చెప్పాడు: "ఈ నాలుగూ ఒకే కుండలోంచి, ఒకే రోజు తీసినవటమ్మా. ఏది ఎలగొస్తాదో వేరుకే ఎరుక."

నాకు కాసేపు ఊపిరాడలేదు. బొటిక్ వ్యాపారం మొత్తం నిలబడింది మ్యాచింగ్ మీద. చీరకి జాకెట్టు, జాకెట్టుకి లైనింగు, లైనింగుకి దారం, అంచుకి గాజులు, గాజులకి పెళ్లికొడుకు జేబురుమాలు. ఒక్క షేడు తేడా వస్తే అడ్వాన్సు వెనక్కి అడుగుతారు. అలాంటిది ఒకే కుండలోంచి నాలుగు రంగులొచ్చే చోట నేను కార్డు పట్టుకుని నిలబడ్డాను.

హైదరాబాద్ దుపట్టా సంగతి చెప్పి, ఇది కూడా రంగు వదులుతుందా అని అడిగాను. ఆవిడ మాట్లాడకుండా తన భుజం మీది తువ్వాలు కొస తడిపి నా తెల్ల చున్నీకేసి గట్టిగా రుద్దింది. మరక పడలేదు. ఎన్నేళ్లదో ఆ తువ్వాలు. ముట్టుకుంటే పసిపిల్ల చెవి తమ్మెలా మెత్తగా ఉంది.

ఆయన గుంట మగ్గం మీద కూర్చుని ఒక పీతని నేస్తున్నాడు. పేకతో పాటు అదనపు దారాన్ని చేత్తో దూర్చి, పడుగు పోగులు లెక్కపెట్టుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కిస్తాడు. బొమ్మ కాగితం ఏమీ లేదు. చేప, శంఖం, గొడుగు, గొడ్డలి, అన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి. ఇక్కడ నా సిగ్గు సంగతి ఒకటి చెప్పాలి. 2025 జూన్‌లో ప్రాడా అనే ఇటలీ ఫ్యాషన్ కంపెనీ వాళ్లు మిలాన్‌లో మగవాళ్ల ర్యాంప్ మీద అచ్చం కొల్హాపురీ చెప్పుల్లాంటివి నడిపించి, కొల్హాపూర్ ఊసెత్తలేదని, గొడవయ్యాకే ఒప్పుకున్నారని మనందరం తిట్టిపోశాం. నేనూ స్టేటస్‌లో పెట్టాను. కానీ నేనేం తక్కువ తినలేదు. కిందటేడు కోట్‌పాడ్ పీతని ఇంటర్నెట్‌లో చూసి కంప్యూటర్ ఎంబ్రాయిడరీతో ఇరవై జాకెట్ల చేతుల మీద వేయించి "ట్రైబల్ కలెక్షన్" అని అమ్మాను. ఆ ఫొటో నా ఫోన్‌లోనే ఉంది. మొహమాటపడుతూనే చూపించాను.

ఆయన ఫోన్ దగ్గరగా పెట్టుకుని వేలితో ఏదో లెక్కపెట్టాడు. తర్వాత భార్యని పిలిచి చూపించాడు. ఇద్దరూ నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు.

"ఏమంటున్నారు?"

"నీ పీతకి ఆరే కాళ్లటమ్మా."

ఇరవై జాకెట్లు. ఒక్కరూ లెక్కపెట్టలేదు.

చీర ఎంచాం. ఒళ్లంతా రంగెయ్యని నూలు, మీగడ తెలుపు. అంచూ కొంగూ ఆ నాలుగు చిలపల్లో కార్డుకి దగ్గరగా ఉన్నదానితో. అద్దిన నూలు సిద్ధంగా ఉంది కాబట్టి సంక్రాంతి దాటేసరికి ఇస్తామన్నారు. కొత్తగా అద్దాలంటే ముహూర్తం దాటిపోయేదే. ధర దగ్గర బేరమాడలేకపోయాను, నిజానికి నోరు రాలేదు. సగం అడ్వాన్సు ఇచ్చి, నాకోసం ఒక తువ్వాలు కొనుక్కున్నాను.

ఆ రాత్రి పిన్ని వంటింట్లో కూర్చుని ముఢీలోకి, అంటే మరమరాల్లోకి, పచ్చిమిర్చి కొరుక్కుంటూ ఉంటే పెళ్లికూతురు మెసేజ్ పెట్టింది. "అక్కా, మోకా అవుట్! 2026 కలర్ అనౌన్స్ చేసేశారు, క్లౌడ్ డాన్సర్! పెళ్లి 2026లో కదా, నాకు అదే కావాలి." కింద ఫొటో. తెలుపు, ఉత్త తెలుపు. రంగుల కంపెనీ ఈసారి అలసిపోయినట్టుంది.

పిన్నికి చూపించాను.

"తెలుపా? మధుపర్కాలు తెలుపే కదే. అదేటి కొత్త?"

నేనేమీ రాయలేదు. పగలు తీసిన ఫొటో వెతికి పంపాను. మగ్గం మీద అలాంటి చీరే సగం నేసి ఉంది. మీగడ తెలుపు, పక్కన వక్క రంగు అంచు, అంచుని ఆనుకుని పది కాళ్ల పీత.

నిమిషంలో జవాబొచ్చింది. "అక్కా!! రెండూ ఉన్నాయి! సూపర్. ఆ పురుగుని మాత్రం తీసెయ్యొచ్చా?"

అది పురుగు కాదు, పీత, తియ్యడానికి లేదు అని రాశాను. ఆముదం వాసన సంగతి ఇంకా చెప్పలేదు.